మూడో వారం, పావు చుట్టు

తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న కదలికను మోస్తున్నాను. నా కుడి మణికట్టు ఒక్క పావు చుట్టు తిరిగింది, అంతే. రెండు క్షణాలు కూడా పట్టలేదు. దాన్ని నేనెక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సుకి కూడా ఏం జరిగిందో తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయను. పళ్ళ డాక్టర్ని. భిలాయిలో పుట్టాను, ఇక్కడే ఉన్నాను, నెహ్రూ నగర్‌లో క్లినిక్ పెట్టుకున్నాను. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా ఈ ఊరి తెలుగువాళ్ళు ఇట్టే గుర్తుపట్టేస్తారు. పేరు దాచుకుని ఒప్పుకోవడం కూడా ఒక ఒప్పుకోవడమేనా అని మీరనొచ్చు. అనండి. నన్ను నేనూ అడిగాను. నా ధైర్యం ఇంతవరకే వచ్చింది.

ఆవిడకి ఇక్కడ శాంతమ్మ అని పేరు పెడుతున్నాను. నా చిన్నప్పుడు సెక్టర్ 2లో మా పక్క క్వార్టరు వాళ్ళది. మా నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. ఆవిడ భర్త, నేను మావయ్య అని పిలిచే మనిషి, ప్లాంటు లోపల కరిగిన ఇనుము లాగే ఇంజను నడిపేవాడు. వాళ్ళది తాతల నుంచీ రైలు ఉద్యోగాల కుటుంబం, క్రైస్తవులు. మేము హిందువులం. ఆ తేడా పెద్దవాళ్ళకి ఏమైనా ఉండేదేమో గానీ నాకు మాత్రం ఆవిడ అత్తే. బళ్ళో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లో కూడా సగం హిందీయే. అలాంటి నన్ను ఎండాకాలం మధ్యాహ్నాలు పలక ముందు కూర్చోబెట్టి, తప్పు రాస్తే వేలి మీద ఒక్కటిచ్చి, తెలుగు అక్షరాలు దిద్దించింది శాంతమ్మత్తే. మీరిప్పుడు చదువుతున్న ఈ అక్షరాలు ఆవిడ దిద్దించినవే. ఆ సంగతి ప్రతి వాక్యానికీ గుర్తొస్తోంది.

అత్తకి గుడాఖు అలవాటు. ఛత్తీస్‌గఢ్ తెలియనివాళ్ళకి చెప్పాలి. పొగాకూ బెల్లం మడ్డీ కలిపి చేసిన నల్లటి ముద్ద అది. చిన్న డబ్బాల్లో అమ్ముతారు. వేలితో తీసుకుని పళ్ళకీ చిగుళ్ళకీ రుద్దుకుంటారు. శ్రీకాకుళం పక్క నుంచి పెళ్ళై వచ్చిన కొత్తలో అత్తకి హిందీ ఒక్క ముక్క రాదట. పొద్దున్నే నల్లా దగ్గర చేరే దీదీల మధ్య కూర్చోవాలంటే వాళ్ళు చేసేదే తనూ చేయడం ఒక్కటే దారి అయిందట. అలా అంటుకున్న అలవాటు మనవలు పుట్టాక కూడా వదల్లేదు.

నేను క్లినిక్ పెట్టిన రెండో ఏడు ఆవిడ బాత్రూంలో జారి పడింది. పై వరసలో ముందు పన్ను మొదలంటా విరిగింది. ఇంకెవరైనా అయితే తీసి పెట్టుకునే కట్టుడు పన్నుతో సరిపెట్టేసేదాన్ని. కానీ రాబోయే గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఒక మాట మీద మాట్లాడమని వాళ్ళ చర్చి సంఘం మొట్టమొదటిసారి ఆవిడని అడిగింది. ముప్ఫై ఏళ్ళు వెనక బెంచీలో కూర్చున్న మనిషి. కట్టుడు పన్ను మాట మధ్యలో ఊడి కిందపడితే ఎలాగమ్మా అని నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వు వెనక భయం నాకు తెలుస్తూనే ఉంది. ఎముకలో టైటానియం మర వేసి దాని మీద పన్ను నిలబెడతాను, గుడ్ ఫ్రైడేకి నీ నోట్లో పన్ను ఉంటుంది అత్తా అన్నాను. డాక్టరు ఇవ్వకూడని మాట అది. ఎముకకి క్యాలెండరు తెలియదు. ఆ సంగతి నాకు తెలిసి కూడా మాటిచ్చాను. కొత్త క్లినిక్, కొత్త పొగరు.

గుడాఖు మానాలి అన్నాను. పొగాకు వల్ల రక్తం సరిగ్గా అందదు, ఎముక కట్టదు అని చెప్పాను. ఆవిడ ఒక్క రోజులో మానేసింది. మానేసి ఊరుకోలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో లేచి నిలబడి, ఇన్నేళ్ళ అలవాటు దేవుడు నా చేత మానిపించాడు అని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. వాళ్ళలో సాక్ష్యం అంటే ఉత్త మాట కాదు. చెప్పాక దాని మీద నిలబడాలి, సంఘమంతా చూస్తుంటుంది. ఇంట్లో మాత్రం సగం వాడిన డబ్బా పారేయనివ్వలేదు. వంటింటి అలమారలో, ఉప్పు డబ్బా పక్కన, ఎదురుగా పెట్టుకుంది. పారేసి మానడం ఏటి గొప్ప, ఎదర ఉండగా మానాల అనేదట. మావయ్య ఆ డబ్బాని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. చెయ్యి మొరాయిస్తోంది. అయినా రాస్తాను.

ఎముకలో మర దించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. ఆ గట్టిదనం పాత ఎముకది. మర కంటే కొంచెం సన్నగా రంధ్రం చేసి దించుతాం కాబట్టి ఎముక దాన్ని ఒత్తి పట్టుకుంటుంది, అంతే. తర్వాత లోపల పని మొదలవుతుంది. ముందు రక్తం గడ్డకడుతుంది. మర అంచుల దగ్గర నలిగిన ఎముకని ఒంటిలోని కణాలే తినేస్తాయి. ఆ ఖాళీలోకి కొత్త ఎముక దారాలు దారాలుగా రావడం మొదలవుతుంది. చాలా లేతగా ఉంటుంది. పాత పట్టు సడలి కొత్త పట్టు ఇంకా రాని ఆ రోజుల్లో, మూడో వారం అటూ ఇటూగా, మర మొదటి రోజు కంటే బలహీనంగా ఉంటుంది. అది జబ్బు కాదు, మానుతున్న లక్షణం. చేయాల్సిందల్లా ముట్టుకోకుండా వదిలేయడమే. రెండు మూడు నెలలకి ఆ లేత ఎముకే ముదిరి మరని పట్టేసుకుంటుంది.

నాకిదంతా తెలియదా? నోటికొచ్చు. చదువుకునేటప్పుడు సరిగ్గా ఇదే ప్రశ్నకి నాలుగు పేజీలు రాశాను.

మూడో వారం అత్త చూపించుకోవడానికి వచ్చింది. మర ఎంత స్థిరంగా ఉందో చూపించే చిన్న మీటరు పెట్టి చూశాను. అంకె మొదటి రోజు కంటే బాగా తగ్గింది. తగ్గాలి. తగ్గుతుందని తెలుసు. అయినా గుడ్ ఫ్రైడే కళ్ళ ముందు కనిపించింది. ఆ క్షణంలో నా చేతికి గుర్తొచ్చింది నేను చదివిన నాలుగు పేజీలు కాదు. మా నాన్న.

కొత్తగా బిగించిన బోల్టుని, మెషీను కొన్నాళ్ళు నడిచాక, మళ్ళీ రెంచి పెట్టి చూడాలి. మా నాన్న ఆ పని కోసమే సైకిలేసుకుని సెలవు రోజున కూడా వెళ్ళిన సందర్భాలున్నాయి. "ఒకపాలి బిగించీసి ఒగ్గీసినోడు ఫిట్టరు కాడు" అనేవాడు. ఇంట్లో ఫ్యాను బిగించినా, నా సైకిలు సీటు బిగించినా, వారం తిరిగేసరికి రెంచి పట్టుకుని వచ్చేవాడు. వదులైంది అంటే బిగించు. ఈ ఊళ్ళో పుట్టిన మాకు అది నేర్పక్కర్లేదు, అన్నంతో పాటే వచ్చేస్తుంది. నేను చిన్న రెంచి తీసుకున్నాను. మర తల మీద పెట్టాను. పావు చుట్టు తిప్పాను.

ముందు గట్టిగా ఆగింది. తర్వాత మెత్తగా తిరిగింది. ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ వేళ్ళలో ఉంది. ఇనుము అలా తిరగదు. మూడు వారాలుగా ఆవిడ ఒళ్ళు అల్లుకుంటున్న లేత ఎముక అది, నా చేతి కింద తెగింది. అత్త కళ్ళు ఒక్కసారి గట్టిగా మూసుకుని తెరిచింది. నొప్పా అత్తా అన్నాను. నేదమ్మా అంది. అంతా బాగుంది, మూడు వారాల తర్వాత రా అని పంపించేశాను. కేసు కాగితంలో మీటరు అంకె రాశాను. పావు చుట్టు రాయలేదు. ఎందుకు రాయలేదు? తప్పు చేశానని తెలుసు కనకే కదా? తెలియకపోతే రాసేసేదాన్నే.

నెల తిరక్కుండానే మర కదిలింది. చిగురు వాచింది. మత్తు కూడా సరిగ్గా ఎక్కకముందే అది నా రెండు వేళ్ళ మధ్యకి వచ్చేసింది. మావయ్య గోడ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్త నోట్లో గుడ్డ పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇద్దరూ నేనేం చెబుతానా అని ఎదురుచూస్తున్నారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించుకుని అన్నది కాదు. అలా చెప్పుకుని ఎన్నో రాత్రులు నిద్రపోయాను. ఆలోచించి అనకపోయినా అన్నది నేనేగా.

"అత్తా, గుడాఖు మళ్ళీ మొదలెట్టావా?"

ఆవిడ నోట్లో గుడ్డ తీసేసింది. "నేదమ్మలూ! ఒగ్గీసినాను కదేటి. సంఘం ముందర సెప్పినాను కదా."

"మరి ఎముక ఎందుకు పట్టలేదు?"

ఆవిడ తల దించుకుంది. అక్కడ ఆగి ఉంటే, ఎముక ఒక్కోసారి పట్టదు అత్తా, ఎవరి తప్పూ కాదు అని అని ఉంటే, అది కూడా అబద్ధమే గానీ, చిన్న అబద్ధంతో పోయేది. నేను అనలేదు. ఎదురుచూశాను.

"ఒక్కపాలి," అంది. "ఒకే ఒక్కపాలి డబ్బా మూత తీసినాను. తలనొప్పి ఒగ్గకుండా ఉంటే. ఏలు పెట్టనేదు, దేవుడి ముందర సెప్తన్నాను. వోసన సూసి మూసీసినాను." తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "వోసన సూసినా సాలునా అమ్మలూ?"

అక్షరాలు నేర్పిన మనిషి నన్ను డాక్టరమ్మగా నమ్మి అడుగుతోంది. అవును, కాదు, ఏదంటే అది ఆవిడకి నిజమైపోతుంది.

"చాలు అత్తా," అన్నాను. "అదే అయ్యుంటుంది."

మావయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏటే ఇది?" అన్నాడు, అంతే. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాల్సినవాడు, ముందు తనొక్కడూ బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళు వెళ్ళాక నేను కేసు కాగితంలో రాశాను: పొగాకు వాడినట్టు రోగి ఒప్పుకున్నారు. దస్తూరీ చక్కగా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

గుడ్ ఫ్రైడేకి నన్ను ముందే పిలిచింది కాబట్టి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని కూడా వెళ్ళాను. వెనక బెంచీలో, ఆవిడ ఇన్నేళ్ళు కూర్చున్న చోటే, కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్లు తిరుగుతున్నా అందరికీ చెమటలు. ఆవిడ వంతు వచ్చింది. తెల్ల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకి వెళ్ళింది. మైకు దగ్గర నిలబడి, తనకిచ్చిన మాట మీద మాట్లాడ్డం మొదలుపెట్టలేదు. కొత్త సంవత్సరం నాడు మీ ముందు సాక్ష్యం చెప్పాను, ఆ సాక్ష్యం చెడగొట్టుకున్నాను, డబ్బా తెరిచాను, దేవుడు నా నోటినే గురుతుగా చూపించాడు, ఈ మాట మాట్లాడే యోగ్యత నాకు లేదు, క్షమించండి అంది. ఖాళీ సందులోంచి గాలి పోయి మాటలు తడబడుతున్నాయి. వేలు పెట్టలేదన్న ముక్క కూడా చెప్పలేదు, తనని తాను కాపాడుకునేది ఒక్కటీ చెప్పలేదు. ఆవిడ బదులు ఇంకొకరు లేచి మాట్లాడారు. మావయ్య తల ఎత్తలేదు.

నేను లేవాల్సింది. నాలుగడుగులు వేస్తే మైకు. ఆవిడ తప్పేమీ లేదండీ, నాదే అంటే సరిపోయేది. ఎన్ని క్షణాలు పడుతుంది? పావు చుట్టు తిప్పినంతసేపు కూడా పట్టదు. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి నిమిరి, నీకెంత బాధగా ఉందో అమ్మా, నీ పనంతా పాడు చేసుకుంది అంది. ఛీ, ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఎప్పుడూ సంఘంలో నోరు తెరవలేదు. ఇంకోసారి మర వేస్తాను అత్తా, నా చేత్తో నేనే మంచిగా చేస్తాను అని ఎన్నిసార్లో అడిగాను. వొద్దమ్మలూ, నా నోటికంత యోగ్యత నేదు అనేది. ఇంటికి పోతే అలమారలో ఉప్పు డబ్బా పక్కన ఖాళీ. ఒకరోజు సాయంత్రం నేనక్కడ ఉండగానే ఆవిడ బాత్రూంలోంచి వచ్చింది. మావయ్య పేపరు దించి, "పళ్ళు సూపించు" అన్నాడు. గుడాఖు నలుపు ఉందేమోనని రోజూ అడుగుతాడట. ఆవిడ నా వైపు చూసి నవ్వి, చిన్నపిల్లలా పెదాలు ఎత్తి చూపించింది. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి, మధ్యలో ఒక సందు. ఆయన తలూపి మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. మావయ్య చెడ్డవాడు కాదు. నేనన్న మాట నమ్మాడు, అంతే.

చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆ గుమ్మం ఎక్కానో. టీ తాగి దిగిపోయేదాన్ని. మొదట్లో క్లినిక్కి చెడ్డపేరు వస్తుందని భయం. తర్వాత ఇంకో సాకు దొరికింది. అనవసరంగా సంఘం ముందు తల దించుకున్నానని తెలిస్తే ఆవిడ తట్టుకోగలదా, తెలియకపోవడమే మేలేమో అని. ఇది ఆవిడ మీద జాలా, నా మీద నాకున్న జాలా? ఎంత తరచి చూసుకున్నా రెండోదే పైకి తేలుతుంది. ఈ మధ్య కుర్ర డాక్టర్లకి పాఠాలు కూడా చెబుతున్నాను. మూడో వారం మర జోలికి పోకండి, ఒక డాక్టరు ఇలాగే తిప్పి పాడు చేశాడు అని చెబుతాను. చేశాడు అంటాను. మగవాణ్ణి చేసి మరీ చెబుతాను.

పోయిన నెల మావయ్య పోయాడు. ఆదరణ కూడికకి, అంటే పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థనకి, వెళ్ళాను. పాటలయ్యాయి, ప్రార్థనయింది, అందరికీ భోజనాలు పెడుతున్నారు. అత్త నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టుకుంది. నా చెయ్యి, ఈ కుడి చెయ్యే, తన ఒళ్ళో పెట్టుకుంది. "పోయే ముందర్రోజు కూడా పళ్ళు సూపించమన్నాడమ్మలూ," అంది. "లేవనేకపోతన్నాడు, అయినా అడిగినాడు. సూపించినాను." నా వేళ్ళు సవరించింది. "నమ్మినాడో నేదో."

అప్పుడైనా చెప్పానా? లేదు. చుట్టూ జనం ఉన్నారు అనుకున్నాను. జనం లేనప్పుడు తొమ్మిదేళ్ళు చెప్పలేదు. ఇప్పుడిక మావయ్యకి చెప్పడానికి లేదు. నమ్మి ఉండాల్సిన ఒక్క మనిషి నమ్మకుండానే వెళ్ళిపోయాడు, ఆ నమ్మకం తీసేసింది నేను.

అందుకే ఇంటికొచ్చి కూర్చుని రాశాను. ఈ కాగితాలు మీ దాకా వస్తున్నాయి, అత్త దాకా వెళతాయో లేదో ఇంకా తెలియదు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదవగలదు. తప్పులుంటే దిద్దగలదు కూడా. నన్ను క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు, మీరు గమనించే ఉంటారు. అడిగితే ఆవిడ వెంటనే క్షమించేస్తుంది, అమ్మలూ ఏడవకు అంటుంది, అది నాకు మరీ చవగ్గా దొరికినట్టవుతుంది. రాయడం అయ్యాక చెయ్యి కాస్త తేలికపడింది. ఆ మాట చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, నిజమే.

ఆవిడ అడిగిన దానికి మాత్రం జవాబు రాసి ముగిస్తాను. వాసన చూసినా చాలునా అని అడిగావు. చాలదు అత్తా. వాసన చూస్తే ఏమీ కాదు. నీ ఎముక బాగానే కట్టింది. తిప్పింది నేను.